తెలుగులో 99 మార్కులు.. స్క్రీన్ మీద సున్నా! కొత్తగా వచ్చిన ఏఐ టెస్టింగ్ టూల్స్ ఇలాంటి తప్పుల్ని ఆపుతాయా?

కరీంనగర్/ఆదిలాబాద్: 2019 ఏప్రిల్ 18. తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు. మంచిర్యాల జిల్లా జన్నారం మండలంలో సెకండియర్ విద్యార్థినికి తెలుగులో వచ్చిన మార్కులు సున్నా. ఫస్టియర్‌లో అదే సబ్జెక్టులో 90 దాటిన అమ్మాయి ఆమె. మళ్లీ పేపర్ తీసి చూస్తే అసలు మార్కులు 99 అని తేలింది.

ఏడేళ్ల కిందటి మాట ఇప్పుడెందుకు అంటారా? సాఫ్ట్‌వేర్‌ను టెస్ట్ చేసే పద్ధతే ఇప్పుడు మారిపోతోంది. టెస్టులు రాయడం, నడపడం, ఫెయిలైతే రిపేర్ చేయడం.. అన్నీ ఏఐ చేస్తానంటోంది. మరి ఆ రోజు ఈ టూల్స్ ఉండి ఉంటే ఆ సున్నా ఆగేదా? టెస్టింగ్ కోర్సు చేసి జాబ్ కోసం చూస్తున్న కరీంనగర్, ఆదిలాబాద్ యువత పరిస్థితి ఏంటి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట దొరుకుతుంది. అదేంటో చూద్దాం.

అసలు ఆటోమేటెడ్ టెస్ట్ అంటే ఏంటి?

పత్తి అమ్మడానికి వెళ్లిన ఆదిలాబాద్ రైతుకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మార్కెట్ యార్డుకు బండి వచ్చిందంటే ముందు తేమ చూస్తారు. 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర. 8 దాటి 12 వరకు ఉంటే ధరలో కోత. 12 దాటితే సీసీఐ కొనదు. ప్రతి బండికీ అదే రూల్, అదే మీటర్.

సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటెడ్ టెస్ట్ కూడా అంతే. 'ఈ బటన్ నొక్కితే ఈ పేజీ రావాలి', 'మార్కులు 100 దాటితే తీసుకోవద్దు'.. ఇలా ఒక్కో రూల్‌ను చిన్న ప్రోగ్రామ్‌గా రాసి పెట్టుకుంటారు. డెవలపర్ కోడ్‌లో ఒక్క లైన్ మార్చినా ఆ రూల్స్ అన్నీ మళ్లీ వాటంతట అవే నడుస్తాయి. అన్నీ పాసైతే గ్రీన్. ఒక్కటి తప్పినా రెడ్.

పెద్ద యాప్‌లకు ఇలాంటి టెస్టులు వేలల్లో ఉంటాయి. ఏది ఎప్పుడు నడిచింది, ఏది ఎందుకు ఫెయిలైంది, ఎవరు సరిచేయాలి.. ఈ లెక్కంతా చూసుకోవడానికి ప్రత్యేకంగా ప్లాట్‌ఫామ్స్ ఉన్నాయి. ముంబైలో 2011లో మొదలైన బ్రౌజర్‌స్టాక్ అలాంటిదే. మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసిన ప్లేరైట్ టెస్టులు రాసి నడిపే ఉచిత టూల్. అంతకంటే పాతది సెలీనియం. 2004లో చికాగోలో పుట్టింది. మన దగ్గర కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఇప్పటికీ కనిపించే పేరు ఇదే.

కొత్తగా ఏమొచ్చాయి?

గత రెండు మూడేళ్లలో ఈ టూల్స్‌లో చాలా మార్పులు వచ్చాయి. ముఖ్యమైనవి ఇవీ..

1. మారినదానికే టెస్ట్: ఇంతకుముందు చిన్న మార్పుకు కూడా మొత్తం టెస్టులు నడిపేవాళ్లు. గంటలు పట్టేది. ఇప్పుడు కోడ్‌లో ఏ భాగం మారిందో చూసి, దానికి సంబంధించిన టెస్టులే నడిపే సౌకర్యం వచ్చింది. ప్లేరైట్‌లో ఇది 2024లో చేరింది. పోయినసారి ఫెయిలైన వాటినే మళ్లీ నడిపే ఆప్షన్ కూడా ఉంది.

2. జరిగింది జరిగినట్టు రికార్డు: టెస్ట్ ఎక్కడ ఆగింది, ఆ క్షణంలో స్క్రీన్ మీద ఏముంది, సర్వర్‌కు ఏం వెళ్లింది.. మొత్తం సీసీ కెమెరా ఫుటేజీలా వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. 'నా కంప్యూటర్‌లో బాగానే పనిచేస్తోంది' అనే పాత వాదన ఇక చెల్లదు.

3. నిలకడ లేని టెస్టులను పట్టుకోవడం: కోడ్ మారదు. అయినా టెస్ట్ ఒకసారి పాస్ అవుతుంది, ఇంకోసారి ఫెయిల్ అవుతుంది. వీటిని టెస్టర్లు 'ఫ్లేకీ' అంటారు. ఇది చిన్న సమస్య కాదు. తమ దగ్గరున్న టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ జబ్బు ఉందని గూగుల్ 2016లోనే చెప్పింది. ఇప్పుడు ప్లాట్‌ఫామ్స్ పాత రికార్డు చూసి ఇలాంటివాటిని గుర్తిస్తున్నాయి. పక్కన పెట్టి వేరే లిస్టులో చూపిస్తున్నాయి.

4. అసలు ఫోన్ల మీదే టెస్ట్: ఆఫీసులో పది ఫోన్లు కొనిపెట్టుకోవాల్సిన పని లేదు. పాత ఆండ్రాయిడ్ నుంచి కొత్త ఐఫోన్ దాకా క్లౌడ్‌లో అద్దెకు తీసుకుని ఒకేసారి టెస్ట్ చేయొచ్చు. నెట్ స్లోగా ఉంటే యాప్ ఎలా ఉంటుందో కూడా చూడొచ్చు.

5. ఏఐ ఏజెంట్లు: అసలు చర్చంతా దీని మీదే. 2025 అక్టోబర్‌లో వచ్చిన ప్లేరైట్ వెర్షన్‌లో ముగ్గురు 'ఏజెంట్లు' వచ్చారు. ఒకటి యాప్ అంతా తిరిగి చూసి ఏమేం టెస్ట్ చేయాలో ప్లాన్ రాస్తుంది. రెండోది ఆ ప్లాన్ చూసి టెస్ట్ కోడ్ రాస్తుంది. మూడోది ఫెయిలైన టెస్టును నడిపి, కారణం వెతికి, రిపేర్ చేస్తుంది.

అంటే ఇన్నాళ్లూ ఒక జూనియర్ టెస్టర్ రెండు మూడు రోజులు కూర్చుని చేసిన పని గంటల్లోకి దిగుతోంది.

ఇక్కడే ఓ మెలిక ఉంది

ఆ మూడో ఏజెంట్ గురించి ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఫెయిలైన టెస్టును అది బాగుచేసే ప్రయత్నం చేస్తుంది. కుదరకపోతే, 'తప్పు టెస్టులో లేదు, యాప్‌లోనే ఉంది' అని దానికి అనిపిస్తే ఆ టెస్టును 'స్కిప్' అని గుర్తు పెట్టి వదిలేస్తుంది.

ఇందులో తప్పేం లేదు. కానీ స్కిప్ లిస్టు ఎవరో ఒకరు చూడాలి కదా! రిలీజ్ రేపే ఉంది, పైనుంచి ఒత్తిడి ఉంది. రిపోర్టులో 480 పాస్, 0 ఫెయిల్, 20 స్కిప్ అని వచ్చిందనుకోండి. చాలామంది కళ్లు ఆ సున్నా దగ్గరే ఆగిపోతాయి. అసలు బగ్ ఆ 20లోనే దాక్కుని ఉండొచ్చు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఏఐ ఇప్పుడున్న యాప్‌ను చూసి టెస్టులు రాస్తుంది. యాప్‌లోనే తప్పు ఉంటే ఆ తప్పునే కరెక్ట్ అనుకుని టెస్ట్ రాసే అవకాశం ఉంది. తూకంలోనే తేడా ఉన్న కాంటా మీద వంద బండ్లు తూచినా వంద రసీదులూ బాగానే కనిపిస్తాయి. రైతు ఇంకో కాంటా మీద తూయించే వరకు తేడా బయటపడదు.

2019లో ఏం జరిగింది?

ఇప్పుడు జన్నారం అమ్మాయి కథకు మళ్లీ వద్దాం. పేపర్ దిద్దిన లెక్చరర్ ఓఎంఆర్ షీట్‌లో 99 బదులు 00 బబుల్ చేశారని ఇంటర్ బోర్డు తేల్చింది. దాన్ని సరిచూడాల్సిన వాళ్లు కూడా చూడలేదు. దిద్దినవారికి జరిమానా పడింది, సరిచూడాల్సినవారు సస్పెండ్ అయ్యారు.

'మరి ఇది మనిషి చేసిన తప్పు కదా, సాఫ్ట్‌వేర్‌కు ఏం సంబంధం?' అనొచ్చు. సంబంధం ఉంది. బబుల్ తప్పుగా పడటం మనిషి పొరపాటే. కానీ ఆ షీట్ స్కాన్ అయ్యాక కంప్యూటర్ దగ్గర రెండు అంకెలున్నాయి. ఫస్టియర్‌లో 90కి పైగా, సెకండియర్‌లో 0. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి 'ఒక్కసారి ఆగండి, ఈ పేపర్ మళ్లీ చూడండి' అని చెప్పే రూల్ ఉంటే ఆ మెమో బయటికి వచ్చేది కాదు. అలాంటి రూల్ ఉందా, సరిగ్గా పనిచేస్తోందా అని రిలీజ్‌కు ముందు చూడటమే టెస్టింగ్.

ఆ ఏడాది సమస్య ఒక్కరిది కాదు. పరీక్ష రాసినవాళ్లకు ఆబ్సెంట్ పడిందని, మార్కులు మెమోలో రాలేదని రాష్ట్రవ్యాప్తంగా ఫిర్యాదులు వచ్చాయి. ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని వార్తలొచ్చాయి. తల్లిదండ్రులు రోజుల తరబడి బోర్డు ఆఫీసు ముందు ఆందోళన చేశారు. టీఎస్‌టీఎస్ ఎండీ నేతృత్వంలో ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. బిట్స్ హైదరాబాద్, ఐఐటీ హైదరాబాద్ నిపుణులు అందులో ఉన్నారు. ఫలితాల ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని ఆ కమిటీ చెప్పింది.

ఫెయిలైన అందరి పేపర్లనూ ఫీజు లేకుండా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం నిర్ణయించింది. సుమారు 3.8 లక్షల మంది పేపర్లు చూస్తే 1,100 మందికి పైగా పాసైనట్టు తేలింది. ఈసారి ఒక ముఖ్యమైన జాగ్రత్త తీసుకున్నారు. లెక్క ఒక్క సంస్థకే వదిలేయకుండా ఇంకో స్వతంత్ర సంస్థతో కూడా సమాంతరంగా ప్రాసెస్ చేయించారు. ఒక కాంటా మీద తూచిన బండిని ఇంకో కాంటా మీద తూయించడమంటే ఇదే.

ఆ జాగ్రత్త ముందే తీసుకుని ఉంటే? ఏప్రిల్ 18న వచ్చిన ఫలితాలు కొన్ని రోజులు ఆలస్యమయ్యేవి. అంతే.

పెద్ద కంపెనీలకూ తప్పలేదు

మనవాళ్లకు టూల్స్ లేక ఇలా జరిగింది అనుకుంటే పొరపాటే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి వెళ్లిన ఓ విమాన ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ ఫొటో ఎంత వైరల్ అయిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

కారణం ఏంటని చూస్తే.. సాఫ్ట్‌వేర్ 21 వివరాల కోసం చూస్తోంది. దానికి అందుతున్నవి 20 మాత్రమే. ఇదంతా టెస్టుల్లో ఎందుకు దొరకలేదు? టెస్టులు నడిచాయి, పాస్ కూడా అయ్యాయి. కానీ ఆ టెస్టుల్లో 21వ గడిలో 'ఏదైనా ఫర్వాలేదు' అన్న గుర్తే పెట్టారు. దాంతో ఆ గడి వైపు సాఫ్ట్‌వేర్ ఒక్కసారి కూడా చూడలేదు. నిజమైన అప్‌డేట్‌లో చూసింది, కుప్పకూలింది.

జన్నారంలో ఒక మెమో అయినా, ప్రపంచమంతా 85 లక్షల కంప్యూటర్లు అయినా కారణం ఒక్కటే. అడగాల్సిన ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న ఎవరికి తెలుసు?

ఇక్కడే ఉత్తర తెలంగాణ కుర్రాళ్లకు పనికొచ్చే విషయం ఉంది.

2025-26 సీజన్‌లో సీసీఐ పత్తి కొనుగోళ్లకు 'కపాస్ కిసాన్' యాప్ తెచ్చింది. రైతు రిజిస్టర్ చేసుకోవాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ తర్వాతే బండి కట్టాలి. దళారుల బెడద తగ్గించి, క్యూలు లేకుండా చేయడమే దీని ఉద్దేశం. కానీ ఉమ్మడి ఆదిలాబాద్‌లో స్మార్ట్‌ఫోన్ లేని రైతులు, కౌలు రైతులు ఇబ్బంది పడ్డారు.

ఇప్పుడు ఇలాంటి ఒక యాప్‌ను ఏఐ ఏజెంట్‌కు ఇచ్చామనుకోండి. అది ఏం చేస్తుంది? లాగిన్ పేజీ తెరుస్తుంది. నంబర్ తప్పుగా ఇస్తే ఎర్రర్ వస్తుందా చూస్తుంది. ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో చూస్తుంది. తేదీ మార్చి చూస్తుంది. నిమిషాల్లో యాభై టెస్టులు రాస్తుంది. బాగానే రాస్తుంది కూడా.

కానీ కింది ప్రశ్నలు స్క్రీన్ మీద ఎక్కడా ఉండవు..

- ఆధార్‌కు లింకైన ఫోన్ హైదరాబాద్‌లో పనిచేస్తున్న కొడుకు దగ్గరుంది. ఓటీపీ అక్కడికి వెళ్తుంది. చెప్పేలోపు టైమ్ అయిపోతే?
- భూమి తండ్రి పేరు మీద ఉంది. తండ్రి చనిపోయాడు. విరాసత్ ఇంకా కాలేదు. సాగు చేస్తున్నది కొడుకు. ఎవరి పేరుతో స్లాట్?
- ఉట్నూరు వైపు గూడేల్లో సిగ్నల్ వచ్చి పోతుంది. సబ్మిట్ నొక్కాక నెట్ పోయింది. రైతు మళ్లీ నొక్కాడు. ఒక స్లాట్ పడుతుందా, రెండా, అసలు పడదా?
- ఇద్దరు రైతుల పేర్లు, తండ్రుల పేర్లు, ఊరు కూడా ఒకటే. యాప్ ఎవరిని చూపిస్తుంది?
- స్లాట్ రోజున వాన పడింది. తేమ 12 దాటింది. బండి వెనక్కి పోయింది. మళ్లీ స్లాట్ దొరుకుతుందా?

ఈ ఐదు ప్రశ్నలు అమెరికాలో ట్రైనింగ్ అయిన మోడల్‌కు తట్టడం కష్టం. ఆసిఫాబాద్‌లోనో, బోథ్‌లోనో పత్తి అమ్మిన ఇంట్లో పుట్టిన కుర్రాడికి, అమ్మాయికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక్కసారి చెబితే చాలు. వాటిని టెస్టులుగా రాసిపెట్టే పని ఏజెంట్ చేస్తుంది.

మరి జాబ్స్ సంగతేంటి?

టెస్టింగ్ మన తెలుగువాళ్లకు కొత్త కాదు. 2001లో మొదలై హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన యాప్‌ల్యాబ్స్, ప్రపంచంలోని పెద్ద స్వతంత్ర టెస్టింగ్ కంపెనీల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 2011లో సీఎస్‌సీ దాన్ని కొనేసింది. హైదరాబాద్‌కే చెందిన మరో టెస్టింగ్ సంస్థ సిగ్నిటిలో మెజారిటీ వాటా కొంటున్నట్టు 2024లో కోఫోర్జ్ ప్రకటించింది. కోడింగ్ అంతగా రాకపోయినా ఐటీలోకి అడుగు పెట్టడానికి చాలామందికి టెస్టింగే తలుపు తీసింది.

ఆ తలుపే ఇప్పుడు ఇరుకవుతోంది. ఎక్సెల్ షీట్‌లో టెస్ట్ కేసులు రాసుకుని, ఒక్కొక్కటి క్లిక్ చేసి, పాస్ లేదా ఫెయిల్ అని టిక్ పెట్టే పని ఏజెంట్ల చేతికి వెళ్తోంది. 'మూడు నెలల్లో టెస్టింగ్, గ్యారంటీ ప్లేస్‌మెంట్' అనే ప్రకటనలు చూసి ఫీజు కట్టేముందు సిలబస్‌లో ఏముందో అడగాలి. సెలీనియం కమాండ్లు బట్టీ పట్టించడం వరకే ఉంటే అది పాత సరుకు.

మరోవైపు ఊరు దాటకుండా ఐటీ పని చేసే అవకాశం గతంలో కంటే పెరిగింది. కరీంనగర్ ఐటీ టవర్ 2020 జులై 21న ప్రారంభమైంది. ఆదిలాబాద్‌లో బీడీఎన్‌టీ ల్యాబ్స్ ఐటీ సేవల సెంటర్ నడుపుతోంది. 2022లో అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ దాన్ని సందర్శించారు. బాసర ట్రిపుల్ ఐటీ 2008 నుంచి ఉంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో, మంథనిలో జేఎన్‌టీయూ కాలేజీలున్నాయి. టవర్ కట్టడం ఒక ఎత్తు, అందులోకి నిలకడగా పని తేవడం ఇంకో ఎత్తు. క్లౌడ్‌లో నడిచే టెస్టింగ్ పనికి హైదరాబాద్‌లోనే కూర్చోవాల్సిన అవసరం లేదు కాబట్టి ఇలాంటి ఊళ్లకు ఇది సరిపోయే పని.

ఇప్పుడు ఏం నేర్చుకోవాలి?

- ఒక ప్రోగ్రామింగ్ భాష గట్టిగా రావాలి. పైథాన్ అయినా, జావా అయినా సరే. ఏఐ రాసిన కోడ్‌లో తప్పు పట్టాలంటే ముందు ఆ కోడ్ చదవడం రావాలి.
- ప్లేరైట్, సెలీనియం రెండూ ఉచితమే. ఒకదాంతో మొదలుపెడితే చాలు. ఖరీదైన కోర్సు అక్కర్లేదు.
- రిపోర్ట్ చదవడం నేర్చుకోవాలి. పాస్ ఎన్ని అని కాదు, స్కిప్ ఎన్ని, ఎందుకు అని అడగడం అలవాటు కావాలి.
- మార్కుల మెమో లాంటి చిన్న డెమో యాప్ సొంతంగా చేసుకుని ప్రాక్టీస్ చేయాలి. 0, 100, 101, ఖాళీ, ఆబ్సెంట్, ఫస్టియర్ 95 - సెకండియర్ 0.. ఇలా ముప్పై సందర్భాలు రాయండి. తర్వాత అదే పని ఏఐకి ఇచ్చి, అది ఏవి వదిలేసిందో చూడండి. ఆ వదిలేసిన లిస్టే ఇంటర్వ్యూలో మీ బలం.
- ప్రభుత్వ లైవ్ వెబ్‌సైట్ల మీద మాత్రం ఈ ప్రయోగాలు చేయొద్దు. అనుమతి లేకుండా చేస్తే చట్టపరంగా చిక్కులొస్తాయి.

ప్రభుత్వ శాఖలు కూడా అడగాలి

మార్కులు, భూములు, పింఛన్లు, పంట కొనుగోళ్లు.. అన్నీ ఇప్పుడు యాప్‌ల మీదే. టెండర్ ఇచ్చేటప్పుడు 'సాఫ్ట్‌వేర్ ఎప్పటికి ఇస్తారు' అని మాత్రమే అడిగితే సరిపోదు. ఏమేం టెస్ట్ చేశారు? ఏవి స్కిప్ చేశారు? ఆ స్కిప్ లిస్టు మీద సంతకం ఎవరిది? పాత పద్ధతితో పాటు కొత్తది కొన్నాళ్లు పక్కపక్కన నడిపి లెక్కలు సరిపోయాయో లేదో చూశారా? కేంద్ర ఐటీ శాఖ కింద ఎస్‌టీక్యూసీ లాంటి సంస్థ సాఫ్ట్‌వేర్ పరీక్షలు చేసి సర్టిఫికెట్ ఇస్తోంది. అలాంటి బయటి పరీక్ష ఒకటి తప్పనిసరి చేయడం పెద్ద ఖర్చేమీ కాదు.

చివరగా..

మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. కొత్త టూల్స్ 2019లో ఉన్నా, 'ఫస్టియర్‌లో 90 దాటి సెకండియర్‌లో సున్నా వస్తే ఆపు' అని ఎవరో ఒకరు చెప్పి ఉండకపోతే ఆ సున్నా అలాగే బయటికి వచ్చేది. కాకపోతే ఇంకా వేగంగా, ఇంకా అందమైన గ్రీన్ రిపోర్టుతో వచ్చేది.

రెండో ప్రశ్నకూ జవాబు ఇదే. టిక్కులు పెట్టే ఉద్యోగం తగ్గుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పగలిగే మనిషి అవసరం మాత్రం తగ్గదు. ఆ మనిషికి కోడ్‌తో పాటు పరీక్ష హాలు, మార్కెట్ యార్డు, మీసేవ క్యూ కూడా తెలిసి ఉండాలి. కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలకు అవి చిన్నప్పటి నుంచి తెలిసినవే. ఇక కోడ్ ఒక్కటి నేర్చుకోవాలి.